కొ రాని పంతులమ్మ

ఆండాళమ్మ పిల్లలకు చదువు చెప్పే పద్ధతి విన్నాక మంథనిలో ఆమె అత్తగారికి ఆ పూట అన్నం సయించలేదు. కారణాలు రెండు. ఒకటి, కోడలు అక్షరాలు దిద్దించేది బియ్యంలో కాదు, బొగ్గుల పొయ్యిలోంచి తీసి జల్లెడ పట్టిన బూడిదలో. సరస్వతిని బూడిదలో పొర్లిస్తున్నదని ఆవిడ బాధ. రెండోది ఇంకా పెద్ద అపచారం. కోడలు అ ఆలతో మొదలుపెట్టదు.

"అ అంటే అమ్మ అని చెప్తే నీకేం పోతదే?" అని అడిగింది అత్తగారు, చూడటానికి గోదావరిఖని వచ్చినప్పుడు.

"నాకేం పోదత్తమ్మా. పిల్లలే లేచి పోతున్నరు."

అది నిజమే. ఆమె భర్త వామనరావుకు బొగ్గుగని టైం ఆఫీసులో గుమాస్తా పని. ఏ షిఫ్టుకు ఎవరు బాయిలో దిగారో, ఎవరు దిగలేదో హాజరు వేయడమే ఆయన ఉద్యోగం. బొగ్గుగనిని అక్కడ అందరూ బాయి అనే అంటారు. ఆయన డ్యూటీకి పోయాక ఆండాళమ్మకు మిగిలేవి రెండు గదుల క్వార్టరు, ఎన్నిసార్లు ఊడ్చినా అరికాలికి నల్లగా అంటే నేల, వరంగల్లులో చదువుకున్న పీయూసీ. మొదటి రెండింటితో ఎంతకాలమని పెనుగులాడుతుంది? మూడోదాన్ని బయటికి తీసింది. క్వార్టర్ల వెనక గుడిసెల్లో ఉండే బాయి పనివాళ్ల పిల్లలను వరండాలోకి పోగేసింది. అ ఆలు మొదలుపెట్టగానే సగం మంది మేకల వెంట పోయారు, తక్కినవాళ్లు కూచున్నచోటే నిద్రపోయారు.

ఒకనాడు మాటవరసకు, "మీ బాపు పేరేందిరా?" అని ఒక పిల్లవాణ్ణి అడిగింది. నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి, మా బాపు పేరిది, మా బాపు పేరిది అని మీద పడ్డారు. షిఫ్టుల పుణ్యాన ఆ పిల్లలకు తండ్రులు మెలకువగా దొరికేది తక్కువ. నిద్రలో ఉన్న మనిషిని చూసుకుంటూ పెరిగిన పిల్లలకు పేరు ఒక్కటే చేతికి దొరికే వస్తువు. ఆండాళమ్మకు దారి దొరికింది. పోశం కొడుక్కి ప, సదయ్య బిడ్డకు స. ఎవరి బాపు పేరుతో వాళ్ల చదువు మొదలు. సూత్రం ఒక్కటే పెట్టింది: నోరు ఏమంటే చెయ్యి అదే రాయాలె. వారం తిరిగేసరికి వరండా నిండిపోయింది.

దేశంలో మరెక్కడైనా ఈ పద్ధతికి మెచ్చుకోలు వచ్చేదేమో. ఆ వాడలో మాత్రం కూరగాయలు వచ్చాయి. ముందు ఒకాయన సొరకాయ తెచ్చి, "అమ్మా, మా పోరనికి నా పేరు నర్సింగం అని కాదు, ఆగయ్య అని నేర్పుండ్రి" అన్నాడు. మర్నాడు ఇంకొకాయన వంకాయలతో వచ్చి అదే మాట, వేరే పేరుతో. ఆండాళమ్మ పరేషాన్ అయ్యి మొగుణ్ణి అడిగింది.

వామనరావు చెప్పులు విప్పుతూ నవ్వాడు. "నీకు వేరే పాఠమే దొరకలేదా? ఈ వాడల తన పేరుతోటి బాయిలకు దిగేటోడు ఎవడన్నా ఉంటే చూపియ్యి, శాలువ కప్పుదాం. పని ఒకరికి దొరుకుతది, చేసేది ఇంకొకరు. అన్న పేరు మీద తమ్ముడు, మామ పేరు మీద అల్లుడు."

"మరి మీరు హాజరు ఎవరికి వేస్తరు?"

"పేరుకు వేస్త. మనిషిని నేను అడగను, వాడు చెప్పడు."

అట్లా కూరగాయలతో వచ్చినవాళ్లలో ఆఖరివాడు కొమురెల్లి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఎంత కడిగినా కళ్ల అంచుల్లో బొగ్గు మిగిలి, కాటుక పెట్టుకున్న పెళ్లికొడుకులా కనిపిస్తాడు. అతని బిడ్డ పేరు సారక్క. మేడారం జాతరకు మొక్కుకుంటే పుట్టిందట. ఆరేళ్ల పిల్లను అరవై ఏళ్ల ముసలమ్మలు కూడా అక్కా అని పిలవాల్సి వచ్చేది. అందుకు తగ్గట్టే ఆ పిల్ల వరండాలో అందరి మీదా పెత్తనం చేసేది.

కొమురెల్లి తువ్వాలలో బీరకాయలు పట్టుకుని గేటు బయటే నిలబడ్డాడు.

"అమ్మా, మా సారక్కకు నా పేరు నేర్పుతున్నరట గదా."

"అవును. క వచ్చింది. రేపు కొ."

"గది నేర్పకుండ్రి."

"నువ్వు గూడ వేరేవాడివేనా?" ఆండాళమ్మ బీరకాయల వైపు చూస్తూ అడిగింది.

"బాయిల రాయమల్లునమ్మా. మా అక్క పెనిమిటి పేరు. పేరు ఆయనది, పెయ్యి నాది," అని తన ఒంటిని తట్టి చూపించాడు. ఆ రాయమల్లుకు పని దొరికి నాలుగు దినాలు దిగాడట. నెత్తిమీద ఆకాశం లేని కాడ నేనుండనని ఊరికి పోయి మళ్లీ నాగలి పట్టాడట. ఖాళీ అయిన పేరులోకి కొమురెల్లి దూరాడు.

"ఇంకో పేరు పెట్టి పిలిస్తే నీకు ఎట్లనో అనిపియ్యదా?"

"తొల్త తొల్త పలుకకపోయేటోణ్ణి. పని చేపిచ్చే సర్దారు తిడితె యాదికచ్చేది. ఇప్పుడు ఫికర్ లేదు. దిగేటప్పుడు నా పేరు పైన్నే ఇడిసి దిగుత, అంగి ఇడిసినట్టు. పైకచ్చినంక మళ్ల తొడుక్కుంట."

"అంగిని ఎవరన్నా ఎత్తుకపోతే?"

"మా ఐలవ్వ కావలుంటది."

"ఆమె మొగని పేరు ఎత్తదు గదా."

"అందుకే భద్రం!" అని కొమురెల్లి గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు ఆగాక గొంతు తగ్గించాడు. "పోరి ఆగది తల్లీ. కొ అచ్చిందంటె తెల్లారెవరకు గోడలన్ని నా పేరే ఉంటది. కొమురెల్లి ఎవలని ఎవలన్న అడిగితె నా పని పాయె. రాయమల్లు అని నేర్పుండ్రి."

"సంగతి చెప్పి నేర్పుతనైతే."

"వద్దమ్మా. చిన్న పోరి, నోట్లె మాట ఆగది. దాని మామ పేరే అనుకోనియ్యుండ్రి. జెర పెద్దగయి, బుద్ధి తెలిసినంక, అప్పుడు నా పేరు మీరే నేర్పుండ్రి." కాసేపు గేటు మీది తుప్పును గోటితో గీరాడు. "నేను సుత సూడలేదమ్మా నా పేరు, రాస్తె ఎట్లుంటదో."

ఆండాళమ్మ వెంటనే బూడిద పళ్లెం దగ్గరికి లాక్కుంది. "ఇప్పుడే రాసి చూపిస్త, రా."

కొమురెల్లి తల అడ్డంగా ఊపాడు. "మీరు రాస్తె ఏముంటది? అది రాస్తెనే సూస్త."

"సరే. కొ నేనే నేర్పుత. మాట."

మర్నాడు పాఠంలో ఆండాళమ్మ మొదటి అబద్ధం చెప్పింది. కొ చాలా కష్టమైన అక్షరమనీ, దానికి వేళ్లు గట్టిపడాలనీ, ముందు మామ పేరు నేర్చుకొమ్మనీ.

"మా బాపుది కష్టం పేరా?" సారక్క కళ్లు పెద్దవయ్యాయి. ఆ సాయంత్రానికి వాడంతా చెప్పుకొచ్చింది. "మీ బాపులయి అల్కటి పేర్లు. మా బాపుది కష్టం పేరు. పంతులమ్మనే అన్నది."

సారక్కకు రాయమల్లు నాలుగు రోజుల్లో వచ్చేశాడు. గోడల మీద, తలుపుల మీద, నీళ్ల కుండ మీద, ఆఖరికి సుద్దముక్కతో పక్కింటి మేక మీద కూడా రాసింది. ఆ మేక రాయమల్లు అయ్యి వాడంతా తిరిగింది. కొమురెల్లి డ్యూటీ నుంచి వస్తూ దాన్ని చూసి, "నా కన్న ఇదే మంచిగ మోస్తున్నది పేరును" అన్నాడట. అప్పుడప్పుడు వరండా ముందు ఆగి, "ఇంక ఏళ్లు గట్టివడలేదానమ్మా?" అని అడిగేవాడు. ఆండాళమ్మ, "ఇంక కొంచెం" అనేది. ఇద్దరూ నవ్వుకునేవారు. సారక్క మాత్రం తన వేళ్లను వంచి చూసుకునేది.

మోదుగులు పూసిన రోజుల్లో, ఒక పొద్దున, పాఠం నడుమ సైరన్ కూసింది. అది షిఫ్టు మారే వేళ కాదు. గుడిసెల్లోంచి ఆడవాళ్లు ఎక్కడి పని అక్కడ వదిలి, పిండి చేతులతో, తడి చీరలతో బాయి వైపు పరుగు తీశారు. ఆండాళమ్మ పిల్లలందరినీ గదిలోకి తోసి గొళ్లెం పెట్టబోయింది. సారక్క ఆమె చంక కింద నుంచి జారి తల్లి వెంట ఉరికింది. ఆండాళమ్మ దాని వెంట ఉరికింది. క్వార్టర్ల ఆడవాళ్లు రోడ్డు మీద పరుగెత్తడం ఆ వాడ అంతకు ముందు చూడలేదు.

బాయి గేటు దగ్గర గుంపు. లోపల పైకప్పు కూలిందన్నారు. ఒకరే పోయారన్నారు. ఒకరే అన్నమాట విని అక్కడున్న ప్రతి ఆడదీ తన దేవుణ్ణి తలచుకుంది, ఆ ఒక్కరూ పక్కదాని మొగుడు కావాలని కాదు గానీ, తన మొగుడు కావద్దని. కాసేపటికి ఎవరో వచ్చి గేటు పక్క నల్లబల్ల మీద సుద్దతో ఒక పేరు రాసి, ఎవరి ముఖమూ చూడకుండా లోపలికి పోయారు.

ఆ గుంపులో చదవడం వచ్చినవాళ్లు ఇద్దరు. ఆండాళమ్మ చదివి, పక్కనున్న ఇనుప కమ్మీని పట్టుకుంది. రెండో మనిషి ఆడవాళ్ల కాళ్ల మధ్య నుంచి దూరి, బల్ల ముందుకు పోయి, వేలు గాలిలో ఆడిస్తూ అక్షరం అక్షరం చదివింది.

"రా... య... మ... ల్లు."

ఐలవ్వ ఉన్నచోటే కూలబడింది.

సారక్క వెనక్కి ఉరికి వచ్చి తల్లి గడ్డం పట్టుకుంది. "అవ్వా, ఏడువకు! బాపు కాదు! నేను సదివిన, మామ పేరున్నది. మన బాపు పేరు కష్టం ఉంటదే, గది లేదు!" తల్లి ఏడుపు ఆపకపోవడం చూసి ఆండాళమ్మ వైపు తిరిగింది. "పంతులమ్మా, మీరన్న చెప్పుండ్రి. మా అవ్వకు సదువు రాదు. మామ పేరే గదా అది?"

చుట్టూ నిలబడ్డ మగవాళ్లందరికీ తెలుసు. వాళ్లలో సగం మంది కూడా వేరే పేర్ల మీదే బతుకుతున్నారు.

"అవును బిడ్డా," అంది ఆండాళమ్మ. "సరిగ్గా చదివినవ్."

జీవితంలో ఆమె ఏ పిల్లకూ ఇంతకన్నా నిజమైన మెచ్చుకోలు ఇవ్వలేదు, ఇంతకన్నా పెద్ద అబద్ధమూ చెప్పలేదు.

పైకి తెచ్చిన మనిషిని తెల్లగుడ్డ విప్పకుండానే గోదావరి ఒడ్డుకు తీసుకుపోయారు. ముఖం చూపించలేదు, చూపించడానికి లేదు. సారక్క మామ కోసం పద్ధతిగా ఏడ్చింది. బాపుకు డ్యూటీ ఉన్నట్టున్నది, రాలేదు అని పక్కవాళ్లకు చెప్పింది.

తెల్లవారి ఊరి నుంచి మామ దిగాడు. చెప్పుల్లేకుండా నడిచి వచ్చాడు, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని. సొంత చావుకు పరామర్శకు వచ్చిన మనిషి ఎట్లా నడవాలో ఎవరికి తెలుసు? గుడిసె ముందు సారక్క అతన్ని చూసి, చూసి, దగ్గరికి పోయి మోకాలిని వేలితో పొడిచింది.

"మామా, నువ్వు సచ్చిపోయినవ్ గదా?"

రాయమల్లు గోడకు తల కొట్టుకుని ఏడ్చాడు. ఐలవ్వ బిడ్డను లోపలికి లాక్కుపోయి తలుపు వేసింది. లోపల ఏం చెప్పిందో ఎవరూ వినలేదు. చాలాసేపటికి బయటికి వచ్చిన సారక్క ఎవరినీ ఏమీ అడగలేదు. అది వరండాలో పెత్తనం చేసే పిల్ల అంటే ఇక ఎవరూ నమ్మరు.

దశదినం నాడు పిట్టకు పెట్టడానికి గోదావరి ఇసుకలోకి పోయారు. ఆకులో అన్నం, పప్పు, కొమురెల్లికి ఇష్టమని కోడికూర. పోయినవాణ్ణి పేరు పెట్టి పిలుస్తారు, అతను పిట్టలా వచ్చి ముట్టాలి. కంపెనీ నుంచి ఒక బాబు వచ్చాడు, మంచివాడే పాపం. ఐలవ్వకు, రాయమల్లు భార్యగా, బాయి మీద పైపని ఇప్పించే కాయితం పని చూస్తున్నాడు. దుఃఖంలో పాలుపంచుకోవాలని ఎండలో నిలబడ్డాడు. ఆయన పాలుపంచుకున్నంతసేపూ అక్కడున్నవాళ్లు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోలేదు.

"మీ ఆయన పేరు చెప్పమ్మా," అన్నాడు బాబు.

ఐలవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. మొగుడి పేరు ఎత్తని ఆచారం ఇన్నాళ్లకు ఒకందుకు పనికొచ్చింది. "ఆడిది పేరెట్ల జెప్తది సారూ, రాయమల్లు" అని పోశం అందుకున్నాడు. బాబు తల ఊపి, పక్కన వంగి నిలబడ్డ అసలు రాయమల్లు వైపు తిరిగాడు.

"నీ పేరు?"

చచ్చిపోయిన పేరు తనది. ఇంకేం మిగిలింది?

"కొ... కొమురెల్లి, సారూ."

సారక్క తల ఎత్తింది. ఐలవ్వ చెయ్యి వచ్చి బిడ్డ నోటి మీద పడింది. కానీ పిల్ల ఏమీ అనబోలేదు.

పెద్దవాళ్లు పిలవడం మొదలుపెట్టారు. "రాయమల్లూ, రా బిడ్డా, వచ్చి ముట్టు!" అని ఒకరు, "రాయమల్లన్నా!" అని ఒకరు. రాయమల్లు చేతులు జోడించి, తన పేరునే తాను వినుకుంటూ నిలబడ్డాడు. పిట్ట రాలేదు. ఎండ ఎక్కింది. అన్నం మీద ఈగలు ముసిరాయి. బాబు జేబురుమాలతో మెడ తుడుచుకున్నాడు గానీ కదల్లేదు.

సారక్క తల్లి చెయ్యి విడిపించుకుని వచ్చి ఆండాళమ్మ కొంగు లాగింది. ఆకు పక్కన ఇసుకను అరచేత్తో చదును చేసి, వేలు సిద్ధంగా పెట్టుకుంది.

"పంతులమ్మా, నోటితోని అనద్దన్నది అవ్వ. అనను. రాస్త. బాపు ఎవలని ఎర్కయితలేదు పిట్టకు." ఆ గుసగుస ఆండాళమ్మ చెవిలో తప్ప పడలేదు. తర్వాత మాట మాత్రం పిల్ల మామూలు గొంతుతో, పాఠంలో అడిగినట్టే అడిగింది. "కొ ఎట్ల రాస్తరు?"

బాబు ఈ వైపు చూశాడు. ఆయన చెప్పులకూ ఆ చదునుచేసిన ఇసుకకూ మధ్య బెత్తెడు దూరం ఉంది. ఐలవ్వ ఆండాళమ్మను చూసింది. రాయమల్లు చూశాడు. వామనరావు చూశాడు, రోజూ పేరుకు హాజరు వేసి మనిషిని అడగని వామనరావు.

ఆండాళమ్మ సారక్క వేలును తన గుప్పెట్లోకి తీసుకుంది. ఆ వేలు గట్టిగా ఉంది. ఎప్పటి నుంచో గట్టిగానే ఉంది. ఒక్కసారి తిప్పితే చాలు, క వచ్చును, దాని మీద కొద్దిగా మెలి. దానికోసమే ఒక మనిషి గేటు దగ్గర నిలబడి తుప్పు గీరుకుంటూ అడిగాడు.

"కొ నాకు రాదు బిడ్డా," అంది.

సారక్క ఆమె ముఖంలోకి చూసింది. కోపం లేదు, జాలి ఉంది. "మీకు సుత రాదా?" అంది. తన వేలు తాను మెల్లగా తీసుకుంది.

ఇంకాసేపటికి ఒక కాకి వచ్చింది. ఎవరు పిలిస్తే వచ్చిందో, ఏ పేరుకు వచ్చిందో. కోడి ముక్క పట్టుకుని ఎగిరిపోయింది. "ముట్టింది, ముట్టింది" అన్నారంతా. బాబు కళ్లు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత ఆండాళమ్మ పాఠం అ ఆలతో మొదలుపెట్టడం నేర్చుకుంది. పిల్లలు కొందరు మేకల వెంట పోయారు. పోనిచ్చింది. మంథనిలో అత్తగారు ఎట్టకేలకు కోడలికి బుద్ధి వచ్చిందని సంతోషించింది. వానలు పడ్డాక ఐలవ్వ సారక్కను బడిలో వేసింది. అక్కడ ఆ పిల్ల రాయమల్లు బిడ్డ సారక్క. పిలిస్తే పలుకుతుందని, కాకపోతే కొంచెం ఆలస్యంగా పలుకుతుందని చెప్పారు. వరండా వైపు రావడం మానేసింది. ఆండాళమ్మ కూడా ఆ గుడిసె ముందు నుంచి నడవడం మానుకుంది.

బతుకమ్మ సెలవులకు బడి మూసిన సాయంత్రం, ఆండాళమ్మ పొయ్యి బూడిద జల్లిస్తుంటే గేటు చప్పుడైంది. సారక్క రొప్పుతూ వచ్చి మెట్టు మీద కూచుంది. పలక కూడా దించలేదు.

"పంతులమ్మా! కొ అచ్చింది!"

ఆండాళమ్మ చేతిలో జల్లెడ ఆగిపోయింది.

"బళ్లె సారు గుణింతం చెప్పిండు. గంత కష్టం ఏం లేదు. మీకు నేర్పుత, రాండ్రి." పళ్లెం ముందుకు లాగి, బూడిద చదును చేసింది. "మీకు రాకపోతె ఎట్ల? పొల్లగాండ్లు అడిగితె ఏం జెప్తరు?"

ఆండాళమ్మ ఎదురుగా కూచుని చెయ్యి చాచింది. సారక్క ఆమె చూపుడువేలును తన చిన్న గుప్పెట్లో పట్టుకుంది, ఒకప్పుడు ఆమె పట్టుకున్నట్టే, బొటనవేలు పైకి వచ్చేలా. "గట్టిగ పట్టకుండ్రి, ఒదులుగ ఇడువుండ్రి," అని కసిరింది. అది కూడా ఆండాళమ్మ మాటే.

"కకు ఒత్వమిస్తె కొ. ఆఁ, గట్లనే. మకు కొమ్మిస్తె ము. రకు ఎత్వమిస్తె రె. గిది మీకు ఎర్కే, మామ పేర్ల ఉన్నట్టే ల కింద ల, గుడియ్యాలె."

నాలుగు అక్షరాలు. బూడిదలో వంకరగా, ఒకదాని వెంట ఒకటి నిలబడ్డాయి. ఆండాళమ్మకు ఆ పేరు రాస్తే ఎట్లా ఉంటుందో అప్పుడే మొదటిసారి చూసినట్టు అనిపించింది. గేటు వైపు చూడకుండా ఉండలేకపోయింది. గేటు దగ్గర ఎవరూ లేరు. రోడ్డు మీద రెండో షిఫ్టుకు పోయేవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి.

"చదువు బిడ్డా," అంది.

సారక్క తల అడ్డంగా ఊపింది. "నోటితోని అనద్దన్నది అవ్వ."

ఇద్దరూ చూస్తూ కూచున్నారు. రోడ్డు మీది మాటలు దగ్గరికి వచ్చాయి. సారక్క ఒకసారి అటు చూసి, అరచెయ్యి చాపి, పళ్లెం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా బూడిదను మెల్లగా చదును చేసింది. ఎక్కడా గీత మిగలకుండా, రెండోసారి కూడా చేసింది.

"మీరు మర్సిపోతరు," అంది లేచి, చెయ్యి లంగాకు తుడుచుకుంటూ. "రేపు మళ్ల అచ్చి దిద్దిపిస్త."